మే నెల చలిలో చక్రాల ఇల్లు

చైత్ర పౌర్ణమి రాత్రి బెంగళూరు కరగ ఊరేగింపు కాటన్‌పేట తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చి వెళ్ళిందంటే, పేటలో పిల్లల సెలవుల లెక్కలు మొదలైనట్టే. తిరుపతి, ఊటీల పక్కన ఈమధ్య న్యూజీలాండ్ పేరు కూడా చేరింది. క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని, వంటా పడకా అందులోనే కానిచ్చుకుంటూ దక్షిణ దీవి చుట్టి రావాలని కోరిక. కోరిక మంచిదే. మనకు ఎండలు ముదిరేవేళ అక్కడ ఆకురాలు కాలం. ఏరోటౌన్, వానాకా వైపు పోప్లర్ చెట్లు పసుపు ముద్దల్లా ఉంటాయి. కాని ఈ టూరు గురించి చెప్పుకునే మాటల్లో చాలావరకు డిసెంబరులో, అంటే అక్కడి ఎండాకాలంలో, వెళ్ళొచ్చినవాళ్ళవి. మేలో అవి పనికిరావు.

అపోహ: "బెంగళూరు చలికి పుట్టిపెరిగినవాళ్ళం, మాకేం కాదు."

బెంగళూరులో ఇంతవరకు నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు. అదీ 1884 జనవరిలో. టెకాపో సరస్సు పరిసరాల్లో మే రాత్రులు సున్నా కిందికి దిగడం మామూలు విషయం. సెంట్రల్ ఒటాగోలో ఒఫిర్ అనే చిన్న ఊళ్ళో 1995 జులైలో మైనస్ 21.6 నమోదైంది, మే నెల యాత్రికులకు అంత దూరం రాదు లెండి.

చలికి మించి బాధించేది చెమ్మ. నలుగురు పడుకుని తలుపులన్నీ బిగిస్తే, తెల్లారేసరికి అద్దాల మీద నీళ్ళు ధార కట్టి ఉంటాయి, కర్టెన్లు తడుస్తాయి, గోడవైపు పరుపు అంచు చేతికి తడి తగులుతుంది. రెండో రాత్రికి దుప్పట్లు కూడా చెమ్మగిల్లితే ఇక ఎంత కప్పుకున్నా వెచ్చదనం రాదు. పైకప్పు కిటికీ ఒక వేలెడు తెరిచి పడుకోవడమే దీనికి మందు. పెద్దవాళ్ళకు ఈ మాట ఒప్పించడం మాత్రం మీ తంటా.

అపోహ: "మరీ చలేస్తే గ్యాస్ పొయ్యి కాసేపు వెలిగించుకుంటే సరి."

వ్యాను గురించి వినపడే మాటలన్నింటిలో ప్రాణం తీసేది ఇదొక్కటే. ఉత్తరాదిలో ప్రతి చలికాలం మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదన్న వార్త చదువుతూనే ఉంటాం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, మనిషికి మత్తు కమ్ముతుందే తప్ప మెలకువ రాదు. గదికన్నా వ్యాను ఇంకా ఇరుకు.

వ్యానును వెచ్చబెట్టేందుకు వేరే ఏర్పాటుంది. డీజిల్ హీటరు బండి ట్యాంకులోంచే ఇంధనం తీసుకుని, మూసిన గదిలో మండించి, పొగను బయటికి తోసి, వేడిగాలిని మాత్రం లోపలికి వదులుతుంది. బుక్ చేసేటప్పుడు "హీటరుందా?" అని అడిగితే చాలదు, అన్నిట్లోనూ ఉందనే అంటారు. కరెంటు తగిలించకుండా రాత్రంతా నడిచే హీటరుందా అని అడగాలి. ట్యాంకు పావుకి దిగితే కొన్ని బళ్ళలో ఈ హీటరు ఆగిపోతుంది, కాబట్టి సాయంత్రమే బంకుకు వెళ్ళాలి. చవక వ్యాన్లలో ఇచ్చే చిన్న డబ్బా గ్యాస్ పొయ్యి సంగతి మరొకటి: అందులో ఉండేది బ్యుటేన్ అయితే, అది సున్నా దగ్గరకు వచ్చేసరికి ఆవిరి కావడమే మానేస్తుంది. పొద్దున్నే కాఫీ కోసం ఎంత తిప్పినా మంట రాకపోతే పొయ్యి పాడైందని కంగారుపడొద్దు. ప్రొపేన్‌కు మైనస్ 42 దాకా ఆ ఇబ్బంది లేదు.

అపోహ: "లోపల ప్లగ్గులుంటాయంట వదినా, మిక్సీ, రైస్ కుక్కర్ పట్టుకుపోదాం."

ప్లగ్గులుంటాయి. వోల్టేజీ కూడా మనదే, 230. పిన్నుల ఆకారం వేరు కాబట్టి అడాప్టరు కావాలి. అయితే బండిని క్యాంపింగ్ పార్కులో కరెంటు స్తంభానికి కేబుల్‌తో తగిలించినప్పుడే ఆ ప్లగ్గుల్లో కరెంటు ఉంటుంది. దాన్నే పవర్డ్ సైట్ అంటారు. మిగతా సమయమంతా ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. దానిమీద లైట్లు, ఫ్రిజ్, నీళ్ళ పంపు, హీటరు ఫ్యాను నడుస్తాయి, ఫోన్లు చార్జవుతాయి. చలికి ఆ బ్యాటరీ బలం కూడా తగ్గుతుంది. చట్నీ సంగతి పవర్డ్ సైట్ దొరికిన రోజు చూసుకుని, మిగతా రోజులు పొడులతో సర్దుకోవడం మేలు. ఈ కాలంలో రెండు రాత్రులకు ఒకసారైనా పవర్డ్ సైట్ పెట్టుకోమని నా సలహా. ఒళ్ళు వేడినీళ్ళకు నోచుకునేదీ అక్కడే, ఎందుకంటే వ్యాను గీజరులో వేడినీళ్ళు ఒకరి స్నానానికే బొటాబొటి.

పొడుల మాటొచ్చింది కాబట్టి ఎయిర్‌పోర్టు సంగతి కూడా. ఆవకాయ తెస్తే జైల్లో వేస్తారన్నది అబద్ధం, కాస్తంత ఇంటి పచ్చడేగా అని చెప్పకుండా దాటించొచ్చనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. తినే వస్తువు ఏదైనా డిక్లరేషన్లో రాయాలి. రాస్తే అధికారి చూసి వదిలేస్తాడు, లేదా తీసి పారేస్తాడు, జుల్మానా ఉండదు. రాయకపోతే అక్కడికక్కడ 400 డాలర్లు. తేనె, పచ్చి కరివేపాకు, పళ్ళు ఇంట్లోనే వదిలేయండి. ఆక్లాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో మన కిరాణా దుకాణాలున్నాయి, కందిపప్పు మోసుకుపోనక్కర్లేదు.

అపోహ: "ఎక్కడ పొద్దుపోతే అక్కడ బండి ఆపుకుని పడుకోవచ్చు, అదే కదా దీని అందం."

ఒకప్పుడు కొంతవరకు నిజం. 2023 జూన్ 7న కొత్త చట్టం వచ్చింది. అలా ఆపుకోవాలంటే సాధారణంగా మరుగుదొడ్డి బండిలో బిగించి ఉండాలి, సీటు కింద దాచే పోర్టబుల్ డబ్బా లెక్కలోకి రాదు. అలాంటి బండికే ఆకుపచ్చ వారంట్ (అనుమతి కాగితం) ఇస్తారు. అది ఉన్నా సరే, ఏ పట్టణంలో ఎక్కడ ఆపొచ్చో అక్కడి కౌన్సిల్ చెబుతుంది. తప్పు చోట ఆపితే జరిమానా వందల డాలర్లలోనే. పరిరక్షణ శాఖ నడిపే డాక్ క్యాంపులు చవక, చోటు కూడా చక్కగా ఉంటుంది, కాని చాలాచోట్ల కరెంటుండదు.

ఆ బిగించిన మరుగుదొడ్డిని ఖాళీ చేసేది ఎవరనే ప్రశ్నకు జవాబు: మీరే. బండి బయటివైపు చిన్న తలుపు తీసి, డబ్బా లాగి, డంప్ స్టేషన్లో ఒంపి, కడిగి, మందు పోసి మళ్ళీ తోయాలి. అయిదు నిమిషాల పని. ముందే ఎవరి వంతో ఇంట్లో తేల్చుకుని బయల్దేరితే గొడవుండదు.

అపోహ: "సీజన్ కాదు, అంతా చవక, బుకింగే అక్కర్లేదు."

అద్దె తగ్గుతుంది, అది నిజమే. కాని ఏప్రిల్లో సాధారణంగా ఈస్టర్, వాళ్ళ స్కూళ్ళ సెలవులు, 25న ఆంజాక్ డే సెలవు ఉన్నాయి. ఆ రోజుల్లో క్వీన్స్‌టౌన్ పార్కులు నిండిపోతాయి. పైగా డీజిల్ బంకు ధర చూసి మురిసిపోయేవాళ్ళను చివర్లో పలకరించే బిల్లు ఒకటుంది: అక్కడ డీజిల్ బళ్ళకు రోడ్డు పన్ను కిలోమీటర్ల లెక్కన కట్టాలి. బండి అప్పజెప్పేటప్పుడు అద్దె కంపెనీ మీటరు చూసి దాన్ని వసూలు చేస్తుంది. కొన్ని కంపెనీలు ముందే అద్దెలో కలిపేస్తాయి, అడిగి తెలుసుకోండి.

అపోహ: "మ్యాపులో ఆరు గంటలంది, ఆరు గంటల్లో చేరతాం."

క్రైస్ట్‌చర్చ్ నుంచి క్వీన్స్‌టౌన్ సుమారు 480 కిలోమీటర్లు. మ్యాపు లెక్క కారుది. 3,500 కిలోలు దాటిన బండికి గరిష్ఠ వేగం 90. మే ఆఖరుకు క్వీన్స్‌టౌన్‌లో ఎనిమిది దాటాకే సూర్యోదయం, సాయంత్రం అయిదింటికే పొద్దు వాలుతుంది. పొద్దున్నే నీడలో పడ్డ మలుపుల్లో రోడ్డు ఊరికే తడిసినట్టు కనబడుతుంది, దగ్గరికెళ్తే అది పల్చటి మంచుపొర. అందుకని బయల్దేరేది పదింటికి, చేరేది నాలుగింటికి అనుకుంటే రోజుకు సుమారు 250 కిలోమీటర్లే హద్దు. టెకాపోలో ఒక రాత్రి ఆగితే ఆ 480 దాదాపు సమానంగా రెండు ముక్కలవుతుంది.

టె అనావు నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్‌కు పోయే రోడ్డు మీద మే నుంచి నవంబరు దాకా మంచుచరియలు విరిగిపడే భయం ఉంటుంది. బోర్డు పెట్టిన రోజు టైర్లకు వేసే గొలుసులు బండిలో లేకుండా వెళ్ళకూడదు. ఆ రోజు స్టీరింగు పట్టే సరదా మానుకుని టె అనావులో బస్సెక్కితే, బయటికి చూసే అదృష్టం ఇంటాయనకూ దక్కుతుంది.

"ఫుల్ ఇన్సూరెన్స్" అన్న మాటకు కూడా హద్దులున్నాయి. బండి పైకప్పు చెట్టుకొమ్మకు గీసుకోవడం, పెట్రోలు పోయాల్సిన బండిలో డీజిల్ పోయడం వంటివి చాలా పాలసీల్లో రావు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిపర్స్ రోడ్డు మీదికి అద్దె బండి తీసుకెళ్తే ఆ క్షణం నుంచి బీమా లేనట్టే.

చివరగా లైసెన్సు. కర్ణాటక కార్డు మీద ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి అదే చెల్లుతుంది. అయినా కొన్ని అద్దె కంపెనీలు అంతర్జాతీయ పర్మిట్ చూపించమంటాయి. మీ ఆర్టీవోలో ఫారం 4ఏ నింపి 1,000 రూపాయలు కడితే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. ఏయే కాగితాలు కావాలో ముందే అడిగి తెలుసుకోండి.