నెల్లూరు రైతు నాగలికి తగిలిన రోమ్

కువైట్ సిటీ: శుక్రవారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. మా రూములో పైమంచం తమ్ముడు ఒక లావుపాటి ఇంగ్లిషు నవల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. రెండు గంటలైనా కిందికి దిగలేదు. టీ పెట్టినా చూడలేదు. ఏందిరా అంత పరీక్ష అని లాక్కుని చూస్తే, డాన్ బ్రౌన్ రాసిన 'ఏంజెల్స్ అండ్ డీమన్స్'. 2000లో వచ్చిన పుస్తకం, 2009లో సినిమా కూడా అయ్యింది. అమెరికాలో పాఠాలు చెప్పుకునే ఒక ప్రొఫెసరుగారు రోమ్ నగరానికొచ్చి గుళ్లూ గోపురాలూ పట్టుకుని ఒక్క రాత్రిలో హంతకుడి కోసం పరుగెత్తడమే కథ. పాంథియన్ గుడి దగ్గర తప్పుదారి పట్టి, చివరికి హేడ్రియన్ చక్రవర్తి సమాధిగా కట్టించుకున్న పెద్ద గుండ్రటి కోటలోకి చేరుతుంది వ్యవహారం.

"మనోళ్లెవరూ ఇట్లాంటివి రాయరా అన్నా?" అన్నాడు తమ్ముడు. వాడిది నెల్లూరు జిల్లా. కువైట్‌లో ఏసీ మెకానిక్కు.

రాయకేం! అడివి బాపిరాజుగారు శాతవాహనుల కాలం తీసుకుని 'హిమబిందు', ఇక్ష్వాకుల కాలం తీసుకుని 'అడివి శాంతిశ్రీ' ఎప్పుడో రాశారు. కాకపోతే అవి చారిత్రక నవలలు, డిటెక్టివ్ నవలలు కావు. ఇప్పటి పండితులు పాత రోమ్ గుట్టు విప్పే మిస్టరీ కావాలంటే దానికి సరుకు ఎక్కడో లేదు, తమ్ముడి సొంత జిల్లాలోనే ఉంది. ఆ సంగతి చెప్పబోతే మొదట నమ్మలేదు. కథలో వాడి హేడ్రియన్ చక్రవర్తే ఉన్నాడని చెప్పాక పుస్తకం మూశాడు.

కుండలో చక్రవర్తులు

1786 ప్రాంతం. నెల్లూరు దగ్గర ఒక రాళ్ల గుట్ట పక్కన ఓ రైతు దున్నుకుంటున్నాడు. నాగలికి ఇటుకల కట్టడం అడ్డం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు. దాని అడుగున ఒక చిన్న కుండ. కుండలో బంగారు నాణేలు. వాటి మీద మన దేవుళ్లు లేరు, మన రాజులూ లేరు. ఎవరో తెల్లదొరల తలకాయలు, చుట్టూ తెలియని అక్షరాలు.

రైతు ఏం చేస్తాడు? ఎవరైనా చేసేదే చేశాడు. పాత బంగారం కింద అమ్మేశాడు. కొన్నవాళ్లు చాలావరకు కరిగించేశారు. కబురు ఆర్కాటు నవాబుగారి కొడుకు అమీరుల్ ఉమరాకు చేరేసరికి మిగిలినవి ముప్ఫై పైచిలుకు. అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిలో రెండు ఏరుకునే అవకాశం వచ్చింది. ఆయన ఒక హేడ్రియన్‌ను, ఒక ఫాస్టీనాను తీసుకున్నాడు. తర్వాత ఈ సంగతంతా ఉత్తరంగా రాస్తే కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ వాళ్ల సంపుటంలో అచ్చయ్యింది. మనకు ఈ కథ తెలిసింది అలాగే.

ఉత్తరంలో నవాబు కొడుకు పేరుంది. చక్రవర్తుల పేర్లున్నాయి. ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనా. రైతు పేరు మాత్రం లేదు. ఊరి పేరూ లేదు.

డిటెక్టివ్ నవలల్లో శవం దొరగ్గానే ఎప్పుడు చంపారు అని అడుగుతారు. నాణేల పండితులు కూడా అంతే. కుండలో అన్నిటికన్నా కొత్త నాణెం ఏదో చూస్తారు. ట్రాజన్ పాలన 98 నుంచి 117 దాకా. ఆ తర్వాత 138 దాకా హేడ్రియన్. ఫాస్టీనా పేరుతో ఇద్దరు రాణులున్నారు, తల్లీ కూతుళ్లు. తల్లి భర్త గద్దెనెక్కిందే 138లో. అంటే కుండను పూడ్చింది అంతకుముందు కాదు. గుడి కింద ఆ కుండ దాదాపు పదహారు వందల ఏళ్లు నిద్రపోయింది!

రెండో ఆనవాలు ఇంకా బాగుంటుంది. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్ని మాత్రం అరిగిపోయి, బెజ్జాలతో ఉన్నాయి. దండకో మెడకో కట్టుకుని ఉంటారని డేవిడ్‌సన్ ఊహించాడు. ఇది చదివి మన ఆడవాళ్లెవరైనా ఊహ దాకా వెళ్లక్కర్లేదు. కాసులపేరు! బంగారు కాసు కనబడితే తీసుకెళ్లి మెడలో వేసుకోవడం మన ఇంట్లో కొత్త అలవాటేం కాదు. మొన్న మొన్నటి దాకా మన అమ్మమ్మల పేరుల్లో విక్టోరియా రాణీ, జార్జి రాజూ వేలాడారు. అంతకుముందు ట్రాజన్‌గారు వేలాడారన్నమాట.

ఆ బంగారం నాణ్యత కూడా తక్కువదేం కాదు. ట్రాజన్ నాటి బంగారు నాణెం ఏడు గ్రాముల పైన తూగుతుంది. మన కాసు ఎనిమిది గ్రాములు. స్వచ్ఛతలో అది ఇంచుమించు 24 క్యారెట్లే. ముబారకియా పక్కన గోల్డ్ సూక్‌లో మనం బేరమాడి కొనే 22 క్యారెట్ల కన్నా మేలు.

చక్రవర్తి మూతి మీద గాటు

నెల్లూరు ఒక్కటే కాదు. 1889లో వినుకొండ దగ్గర పదిహేను బంగారు నాణేలు బయటపడ్డాయి. టైబీరియస్ మొదలు కారకల్లా దాకా చక్రవర్తుల బొమ్మలు. మొదటివాడికీ చివరివాడికీ మధ్య దాదాపు రెండొందల ఏళ్లు. తాత దాచింది తండ్రి దాచి, తండ్రి దాచింది కొడుకు దాచాడేమో. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో అయితే ఒక్కచోటే పదిహేను వందల పైచిలుకు వెండి నాణేలు. పరమేశ్వరీలాల్ గుప్తాగారు 1965లో ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేల మీద ఒక పుస్తకమే వేశారు.

పండితులు జుట్టు పీక్కునేది వేరే చోట. మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గాటు ఉంటుంది. 1898లో తమిళదేశం పుదుక్కోటలో 501 బంగారు నాణేలు దొరికితే ఎక్కువ వాటికి ఈ గాటు ఉంది. ఎవరు పెట్టారు? ఎందుకు? లోపల రాగి ఉందేమోనని కోసి చూశారని కొందరు. చెలామణిలోంచి తీసేయడానికని కొందరు. పరాయి రాజు తల ఇక్కడ చెల్లదని చెప్పడానికని ఇంకొందరు. రాగి పరీక్షే అయితే అంచున గీకితే సరిపోతుంది కదా, ముఖం మీదే ఎందుకు కొట్టాలి? మాకు మూడో మాటే నచ్చింది. నవల రాసేవాడికీ అదే నచ్చుతుంది. అయినా రుజువు లేదు. గొడవ ఇంకా తేలలేదు.

అటు సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో వేరే చిత్రం. రోమన్ నాణేన్ని మట్టితో అచ్చు తీసి, వేలాడదీసుకోవడానికి వీలు పెట్టుకున్న బిళ్లలు తవ్వకాల్లో దొరికాయి. బంగారం కొనలేని వాళ్లు మట్టి టైబీరియస్‌ను కట్టుకున్నారు. రోల్డు గోల్డు మన కాలంలో పుట్టిందని అనుకుంటున్నాం!

అంత బంగారం ఊరికే రాలేదు. మన సరుకు పోయింది. బట్టలు, మిరియాలు, రత్నాలు. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసుకున్న దారి పుస్తకంలో కృష్ణా తీరాన్ని మసాలియా అన్నాడు, అక్కడ సన్నటి నూలు బట్టలు తయారవుతాయన్నాడు. తర్వాతి శతాబ్దంలో టాలెమీ రాసిన కొంటకొస్సిలా మన ఘంటసాలేనని పండితుల మాట. రోమ్‌లో ప్లినీ అనే పెద్దాయన ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు ఇండియా లాక్కుపోతోందని ఏడ్చాడు. మనవాళ్లు గల్ఫ్ నుంచి పంపే డబ్బుకు ఇక్కడెవరూ అంత బాహాటంగా ఏడవలేదు, అది వేరే విషయం.

ఇంతకీ కువైట్‌కేం సంబంధం?

ఇదే కడప అన్న అడిగిన ప్రశ్న. ఆయన డ్రైవరు, దారి చెప్పనిదే కథ వినడు.

సంబంధం ఉంది. నెల్లూరు కుండలో ఉన్న ట్రాజన్ చక్రవర్తి ఈ చుట్టుపక్కలకు స్వయంగా వచ్చాడు. పార్థియన్లతో యుద్ధం చేస్తూ 116లో గల్ఫ్ మొదట్లో ఉన్న కారాక్స్ రేవుకు చేరాడు. ఇప్పుడు అది మన ఉత్తర సరిహద్దుకు ఆవల, ఇరాక్‌లో బస్రాకు ఎగువన మట్టి దిబ్బ. అక్కడ రేవులో ఒక ఓడ ఇండియాకు బయల్దేరుతుంటే చూశాడట. వయసులో ఉంటే నేనూ ఆ దేశం పోయేవాణ్ణి అన్నాడని చరిత్రకారుడు డయో రాశాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. మరుసటి ఏడాదే తిరుగుదారిలో చనిపోయాడు. ఇల్లు చేరలేదు.

ఆయన రాలేకపోయిన దేశానికి ఆయన బొమ్మ మాత్రం చేరింది. ఎర్రసముద్రం మీదుగానా, ఈ గల్ఫ్ దారినా? ఈజిప్టు రేవుల నుంచి కేరళ ముజిరిస్‌కు వచ్చి అక్కడి నుంచి తూర్పుకు రావడం పెద్ద దారి. కానీ పాల్మైరా వర్తకులు కారాక్స్ నుంచి ఓడలు నడిపారని వాళ్ల ఊరి శాసనాలే చెబుతున్నాయి. నెల్లూరు కాసుల్లో ఒక్కటైనా ఈ నీళ్ల మీద ప్రయాణించిందా? మేం నవల రాస్తే మాత్రం ఈ దారినే పంపిస్తాం.

సాల్మియా తీరం నుంచి చూస్తే ఆవల ఇరవై కిలోమీటర్ల దూరంలో ఫైలకా దీవి. రోమ్ కన్నా ముందు ఇక్కడ గ్రీకులు ఉన్నారు. దానికి ఇకారోస్ అని పేరు పెట్టించింది అలెగ్జాండరేనని పాత రాతల్లో ఉంది. 1937లో అక్కడ ఒక రాయి దొరికింది. ఏథెన్సు వాడైన సొటేలిస్, అతని సైనికులు కాపాడిన దేవుళ్లకు సమర్పించినది. ఊరు విడిచి సముద్రం దాటి వచ్చినవాడు మొక్కు చెల్లించుకున్నాడు. 1958లో డేన్మార్కు వాళ్లు తవ్వకాలు మొదలుపెట్టారు. 1960లో గ్రీకు గుడి ముందు నలభై పైచిలుకు వరుసల శాసనం దొరికింది. అదొక అధికారి ఇంకో అధికారికి రాసిన ఉత్తరం. దాని తేదీ మీద పండితులు ఇంకా పోట్లాడుకుంటున్నారు. ఆ తవ్వకాల్లో పెద్దపాత్ర వహించిన జెఫ్రీ బిబ్బీ అంతకుముందు బహ్రెయిన్‌లో ఆయిల్ కంపెనీ ఉద్యోగి. అంటే ఒకప్పుడు ఆయనా మనలాంటి గల్ఫ్ బాపతే. ఆయన పుస్తకం 'లుకింగ్ ఫర్ దిల్మున్' 1969లో వచ్చింది. డాన్ బ్రౌన్ కంటే మాకు అదే ఎక్కువ నచ్చింది, హంతకుడు లేకపోయినా. 1990 దాడిలో కువైట్ మ్యూజియం వస్తువుల్ని బాగ్దాద్‌కు ఎత్తుకెళ్లారు. యుద్ధమయ్యాక చాలావరకు వెనక్కొచ్చాయి. అదింకో నవల.

ఇంకో ఆనవాలు మన జేబులోనే ఉంది. నెలాఖరున చేతికొచ్చే దీనారు. రోమన్ల 'దెనారియస్' నుంచి వచ్చిన మాట ఇది. నాగార్జునకొండ శాసనంలో ఒక రాణిగారు స్తంభం కోసం 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు చెక్కించింది. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందటే కృష్ణా ఒడ్డున ఈ మాట చెలామణి అయ్యింది. కువైట్‌కు సొంత దీనారు వచ్చింది 1961లో. దానికి ముందు ఇక్కడ నడిచింది మన రూపాయే!

చెప్పడమా, మానడమా?

ఇక్కడికి రాగానే రూములో వాదన మొదలైంది. "ఆ రైతు ఎందుకు చెప్తాడన్నా? చెప్తే ఉన్నదీ పోతాది" అన్నాడు కడప అన్న. "చెప్పుంటే కరిగించకుండా ఉండేవి కదండీ" అన్నారు అమలాపురం బాబాయి గారు. ఇద్దరిదీ నిజమే.

మన డబ్బుతో ఇప్పుడు ఊళ్లల్లో పునాదులు పడుతున్నాయి, బోర్లు పడుతున్నాయి, చేలు చదునవుతున్నాయి. కాబట్టి తెలిసి ఉండటం మంచిది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినది భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు. చెబితే అంతా పోతుందన్నది మాత్రం నిజం కాదు. వేరే హక్కుదారు లేకపోతే దొరికినవాడికీ భూమి యజమానికీ వాటా ఉంది, సాధారణంగా మూడొంతులు దొరికినవాడికి. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. ఆఫీసుల చుట్టూ తిరగడం మాట ఈ చట్టంలో లేదు, అది మనకు తెలిసిందే.

అన్నట్టు సెలవు రోజు ఫైలకా వెళ్లేవాళ్లు ఒక్క కుండపెంకు కూడా జేబులో వేసుకోవద్దు. కొడుక్కి చూపిద్దామన్న ఆశతో ఎయిర్‌పోర్టులో ఇరుక్కోవడం ఎందుకు?

రాత్రి తమ్ముడు ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ల గుట్ట పక్క చేనులో కొత్తిల్లు మొదలైంది. మేం వింటున్నామని స్పీకరు పెట్టాడు. పునాదుల్లో ఏమన్నా తగిలిందా అమ్మా అని అడిగాడు.

"ఏముంటాదిరా? పెద్ద పెద్ద ఇటికెలొచ్చాయి. మూరెడు పొడుగున్నాయి ఒక్కోటి."

తమ్ముడు మంచం మీద లేచి కూర్చున్నాడు. "వాటిని కదిలించొద్దు, నేను చెప్పేదాకా ఆపమను మేస్త్రీని."

"ఆపేదేంది అబ్బయ్యా? కాంపౌండు గోడకి పనికొస్తాయని పొద్దున్నే కట్టేశాడు."