ఎండతో వేడిగాలి – దాణాకు బూజు పట్టకుండా ఉపాయం

ఒంగోలు ప్రాంతపు రైతులకు వేడిగాలితో పంటను ఆరబెట్టడం కొత్త కాదు. పొగాకు బ్యారన్‌లో కట్టెల మంట రేకు గొట్టాలను కాలుస్తుంది. ఆ వేడికి లోపలి గాలి కాగి ఆకును ఆరబెడుతుంది. ఈ పనిని కట్టెలు లేకుండా ఎండతో చేయించుకోవచ్చు.

గోడే పొయ్యి

చలి దేశాలలో పెద్ద కట్టడాలను ఈ పద్ధతిలోనే వెచ్చబరుస్తారు. ఎండ తగిలే గోడకు కొంచెం ఎడంగా, సన్నని రంధ్రాలున్న నల్లని రేకు బిగిస్తారు. ఫ్యాను లాగినపుడు బయటి గాలి ఆ రంధ్రాలలో దూరి, రేకు వేడిని అందుకుని భవనంలోకి చేరుతుంది. కెనడాలో మాంట్రియల్ వద్ద విమానాల కర్మాగారానికి, అమెరికాలో ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరానికి ఇటువంటి గోడలు అమర్చారు. మనకు గదులు వెచ్చబరచే అవసరం లేదు. తేమను లాగడానికి ఆ గాలి కావాలి.

తేమ ఎలా పోతుంది?

30 డిగ్రీల వద్ద 70 శాతం తేమ గల గాలిని 45 డిగ్రీలకు కాచితే, అందులోని ఆవిరి అంతే ఉన్నా, తేమ శాతం సుమారు 31కి పడిపోతుంది. అంటే గాలికి దాహం పెరుగుతుంది. 75 శాతం తేమ గల 100 కిలోల పండుమిరప 10 శాతానికి ఆరాలంటే సుమారు 72 కిలోల నీరు పోవాలి. కనుక చెమ్మగాలి బయటికి పోయే దారి తప్పక ఉంచాలి. మిరపకు వేడి 60 డిగ్రీలు దాటితే రంగు చెడుతుంది.

పాలకు సంబంధమేమిటి?

సరిగా ఆరని మొక్కజొన్నకు, వేరుశనగ చెక్కకు బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. పశువు ఆ దాణా తింటే విషంలో కొంత భాగం రూపు మారి పాలలోకి వస్తుంది. పాలను కాచినా, పాశ్చరైజ్ చేసినా అది పోదు. మన దేశంలో కిలో పాలకు 0.5 మైక్రోగ్రామును మించి ఉండరాదని నిబంధన.

సంఘాలు చేయగలిగినది

హైదరాబాదులోని సీడ్ సంస్థ పండ్లు, కూరగాయల కోసం సౌర డ్రయ్యర్లు రూపొందించింది. దాణా గింజలకూ సూత్రం ఇదే. పైన అద్దం, కింద నల్లరంగు రేకు, మధ్య గాలి నడిచే సందు, ఒక చిన్న ఫ్యాను ఉంటే చాలు. రాత్రివేళ, ముసురులో ఇది పనిచేయదు గనుక ఎండ ఉన్నపుడే సరుకు ఆరబెట్టి, నేలకు తగలకుండా చెక్కబల్లలపై గోతాలు పేర్చాలి.

ఒక్క సంగతి మరువరాదు. ఆరబెట్టడం వల్ల బూజు రాకుండా ఆగుతుందే గాని, వచ్చిన విషం పోదు. బూజు పట్టిన దాణాను తిరిగి ఎండబెట్టి పశువుకు పెట్టకండి.