దూరదేశం నుంచి పిల్లలకు కానుక

అక్టోబరు దాటిందంటే చాలు, కువైట్‌లో గాని దుబాయ్‌లో గాని డల్లాస్‌లో గాని ఉన్న మన తెలుగు విశ్వాసుల ఇళ్లలో ఒక అట్టపెట్టె ఓ మూలకు చేరుతుంది. క్రిస్మస్‌కు ఊరికి వెళ్లేవారు కొందరు, వెళ్లేవారి చేత పంపేవారు కొందరు. అన్న పిల్లలు, చెల్లెలి పిల్లలు, మేనల్లుడు, మేనకోడలు, వీరిలో ఎవరికి ఏమి కొనాలి? ఏటా వచ్చే ప్రశ్నే అయినా మన సంఘాల్లో దీన్ని గురించి మాట్లాడుకునేది తక్కువ.

సమూయేలు మొదటి గ్రంథం 2వ అధ్యాయంలో హన్నా ఉంది. పిల్లవాడు షిలోహులో, తల్లి రామాలో. ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేది. దాని ఖరీదు ఎంతో, అది ఏ గుడ్డో అక్కడ రాయలేదు. కానీ ఏటా కుట్టిందంటే, ఈ ఏడాదికి వాడు ఎంత ఎత్తు పెరిగి ఉంటాడోనని ఆమె ఏటా లెక్క వేసుకుని ఉండాలి కదా! పరదేశంలో ఉన్న మనకు కూడా మొదట రావలసిన లెక్క అదే. పిల్లవాడు పోయిన సెలవుల్లో మనం చూసినంతే ఉన్నాడనుకుని కొన్న చొక్కాలు ఎన్ని ఇళ్లలో పక్కింటి పిల్లలకు పోలేదు?

వీడియో కాల్‌లో ముఖం కనిపిస్తుంది గాని ఎత్తు తెలియదు. గోడకు నిలబెట్టి టేపుతో కొలిచి చెప్పమని వదినను అడగాలి. చెప్పులు, బూట్లు కొనేవారు నంబరు అడగవద్దు. మన దేశంలో ఎక్కువగా నడిచేది బ్రిటిష్ నంబరు, అమెరికా నంబరు వేరు. పిల్లవాడి పాదం కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయించి, మడమ నుంచి పొడవైన వేలి వరకు ఎన్ని సెంటీమీటర్లో తెలుసుకుంటే ఏ దేశంలోనైనా కొనవచ్చు.

అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అక్కడ గోడకు పెట్టి ఆడించిన బొమ్మను ఇక్కడ అలాగే పెడితే కాలిపోతుంది. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే భయం లేదు. బ్యాటరీ బొమ్మల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది, ఇది ప్రాణానికి సంబంధించింది. నాణెంలా ఉండే బటన్ బ్యాటరీని చంటిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలడం మొదలుకావచ్చు. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మను చిన్నపిల్లలున్న ఇంటికి పంపవద్దు. మనం కొన్నది ఎనిమిదేళ్ల వాడికే కావచ్చు, వాడి తమ్ముడు మాత్రం ఇంకా పాకుతూ ఉంటాడు.

పంపే దారి గురించి కూడా చెప్పాలి, చాలామందికి ఇంకా పాత సంగతే గుర్తుంది. ఒకప్పుడు కొంత విలువ వరకు గిఫ్ట్ పార్సెల్ సుంకం లేకుండా మన దేశానికి వచ్చేది. 2019 డిసెంబరులో ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసివేసింది. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు. మిగతావాటికి పూర్తి సుంకం కట్టాలి. కాబట్టి పెట్టెలో పెట్టి పంపడం కన్నా, అక్కడే కూర్చుని ఇక్కడి ఆన్‌లైన్ దుకాణంలో ఆర్డరు చేయడం చవక. మనుషుల చేత పంపేవారు సంచి తెరిచి, ఏమున్నదో చూపించి ఇవ్వాలి. తీసుకెళ్లేవారు మొహమాటపడకుండా అడగాలి. పవర్ బ్యాంకు ఉంటే అది చేతిసంచిలోనే పెట్టాలి, చెక్-ఇన్ సామానులో ఒప్పుకోరు.

ఇవన్నీ సరిచేసుకోగలిగినవే. సరిచేసుకోవడం కష్టమైనది ఇంకొకటి ఉంది. క్రిస్మస్ నాడు అందరు పిల్లలూ తాతయ్య ఇంట్లో ఒకేచోట పెట్టె తెరుస్తారు. పెద్దన్న కొడుకుకు ట్యాబ్, చెల్లెలి కూతురికి రిబ్బన్లు వస్తే ఆ పిల్ల ఏమీ అనకపోవచ్చు. కానీ యాకోబు ఒక్క కొడుకుకు ఇచ్చిన నిలువుటంగీ ఆ ఇంట్లో ఏమి తెచ్చిందో మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఒకే ధర అవసరం లేదు, వయసును బట్టి తేడా ఉంటుంది. చూసేవారికి ఆ కారణం అర్థమైతే చాలు.

గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన తల్లులకు ఇది మరీ సున్నితమైన విషయం. వారి బిడ్డ అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో పెరుగుతుంది. పిన్ని పిల్లలకు ఏమీ లేకుండా తన బిడ్డ ఒక్కదానికే పంపితే, ఏడాదంతా ఆ ఇంట్లో ఉండవలసింది ఆ బిడ్డే. బిడ్డకు దూరంగా ఉన్నామన్న బాధతో అప్పు చేసి ఫోను కొనే తల్లిని తప్పుపట్టడం మాకు ఇష్టం లేదు. కానీ ఆ అప్పు తీరేదాకా సెలవు వాయిదా పడుతుంది. బిడ్డ ఎదురుచూసేది ఆ సెలవు కోసమే. పదేళ్ల లోపు ఆడపిల్ల అయితే, ఇక్కడ ఉన్న తండ్రి పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు, ఏడాదికి 250 రూపాయలు వేసినా అది నడుస్తుంది. పండుగనాడు పిల్లకు అది కనిపించదు కాబట్టి దానితోపాటు ఒక రంగుల పెన్సిళ్ల పెట్టె, చేత్తో రాసిన నాలుగు వరుసల తెలుగు ఉత్తరం ఉంటే మంచిది.

పెట్టెకు టేపు వేసే ముందు అమ్మకు ఫోను చేసి ఇంట్లోని పిల్లల పేర్లు, వయసులు మరోసారి చెప్పించుకుని రాసుకోండి. పోయిన క్రిస్మస్ తరువాత పుట్టినవాడు ఒకడు ఉండి ఉంటాడు.