విమాన వర్తకమునందలి పోటీ

వర్తకమున పోటీ యనగా ధర తగ్గించుటయే యని సామాన్యముగా తలంతురు. రెండంగళ్లలో నొకే సరకున్నప్పుడు చౌకగా నమ్మువానియొద్దకే జనులు పోవుదురు గదా! విమానకంపెనీల విషయమున నీ మాట సగము మాత్రమే సత్యము. మన దేశమున మిక్కిలి చౌకగా టిక్కెట్టు లమ్మిన కంపెనీయు నిలువలేదు. మిక్కిలి వైభవముగా విమానములు నడిపిన కంపెనీయు నిలువలేదు. ఇట్లేల జరిగెనో తెలిసికొనవలెనన్న, ముందుగా ఈ వర్తకమునందలి సరకు స్వభావమును గ్రహింపవలెను.

బియ్యపు వర్తకుడు నేడు మంచి ధర పలుకనిచో బస్తాలను కొట్టులో నుంచి పైనెలలో నమ్ముకొనగలడు. ఆకుకూర లమ్మునామెకు ఆ యవకాశము లేదు. ప్రొద్దు గ్రుంకువేళకు మిగిలిన కట్టలను వచ్చిన ధరకే యిచ్చివేయును. విమానకంపెనీ యమ్మునది ఆకుకూరకంటెను త్వరగా చెడు సరకు. విమానము నేలను విడిచిన క్షణముననే ఖాళీసీటు వెల సున్న యగును. ఆ సీటు నిండినను నిండకున్నను పైలట్ల జీతము, విమానపు టద్దె, విమానాశ్రయపు రుసుము, ఇంధనపు ఖర్చు ఇంచుమించుగా మారవు. కావున మిగిలిన సీటుకు కొద్దిపాటి సొమ్ము వచ్చినను లాభమే యని ప్రతి కంపెనీకిని తోచును. ఒకరు వెల తగ్గింపగా రెండవవారును తగ్గింతురు. అందరు నిట్లు చేయగా, మొత్తముమీద వచ్చు రాబడి ఖర్చునకు చాలక పోవును. ఈ వర్తకమునందలి చిక్కంతయు నిదియే.

ఈ చిక్కును తప్పించుకొనుటకే కంపెనీలు ఒకే విమానమునందలి సీట్లను వేర్వేరు వెలలకు అమ్ముచుండును. నెలలకు ముందుగా కొనువారికి తరచుగా చౌక. ప్రయాణదినమున పరుగెత్తి వచ్చువారికి ప్రియము. ఆకుకూరలామె సాయంకాలము ధర తగ్గించును. విమానకంపెనీ తరచుగా పెంచును. ఏలయన, కడపటి దినమున వచ్చువాడు ఆసుపత్రికో, వ్యవహారమునకో తప్పక పోవలసినవాడై యుండును. వానికి బేరమాడు తీరిక లేదని కంపెనీకి దెలియును.

మన దేశమున ఈ కథ పాతదే. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా విమానమును స్వయముగా నడిపెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యములవద్ద మిగిలిన డకోటా విమానములు చౌకగా దొరకినందున అనేక కంపెనీలు బయలుదేరెను. హైదరాబాదున బేగంపేట కేంద్రముగా నిజాము ప్రభుత్వపు రైల్వేవారును టాటాలును కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఆ కాలముననే పుట్టినది. విమానములు దొరకుట సులభమయ్యెను గాని, వానిని నింపుటకు చాలినంతమంది ప్రయాణికులు లేకపోయిరి. నష్టములు పెరుగగా 1953లో ప్రభుత్వము శాసనము చేసి, ఎనిమిది కంపెనీలను ఇండియన్ ఎయిర్‌లైన్స్ అను నొక్క సంస్థలో కలిపివేసెను. డెక్కన్ ఎయిర్‌వేస్ వానిలో నొకటి. విదేశయానమునకు ఎయిర్ ఇండియా సంస్థ వేరుగా నుండెను. అటుపిమ్మట నలువది యేండ్లవరకు మనకు విమానయానమున పోటీ యనునది లేదనవచ్చును. ఆ శాసనము 1994లో రద్దయ్యెను.

తలుపులు తెరచిన పిదప వచ్చినవారిలో ముఖ్యముగా ముగ్గురి మార్గములను పోల్చి చూడవలెను. మొదటిది 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఆరంభించిన ఎయిర్ డెక్కన్. రైలెక్కువారిని విమానమెక్కింపవలెనని ఆయన సంకల్పము. చిన్న పట్టణములకు విమానములు నడిపి, కొన్ని సీట్లను ఒక్క రూపాయికే అమ్మి, విమానము ధనికుల సొత్తను భావమును పోగొట్టెను. కాని రాబడికంటె విస్తరణము వేగముగా సాగినందున నష్టములు పేరుకొనెను. రెండవది 2005లో వచ్చిన కింగ్‌ఫిషర్. దాని మార్గము వైభవము: మంచి భోజనము, సీటుసీటునకు టెలివిజను, రాజమర్యాదలు. ఈ కంపెనీ 2007లో ఎయిర్ డెక్కన్‌లో వాటాలు కొని, పిమ్మట దానిని తనలో కలుపుకొనెను. పొదుపే ప్రాణముగా గల యిల్లును, ఆడంబరమే ప్రాణముగా గల యిల్లును ఒక్క వంటశాలతో నడుచునా? పైగా 2008 జూలైలో ముడిచమురు ధర పీపా యొక్కింటికి 140 డాలర్లు దాటెను. అప్పులు కొండవలె పెరిగి 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానములు నిలిచిపోయెను. ఉద్యోగులు నెలల తరబడి జీతములు లేక అలమటించిరి.

మూడవది 2006 ఆగస్టులో ఎగురసాగిన ఇండిగో. ఇదియు చౌకగానే టిక్కెట్టు లమ్మెను, అయినను నిలిచెను. దాని యుపాయములు మూడు. మొదటిది: తొలి పదియేండ్లును ఒకే జాతి విమానములు నడిపెను. అందుచే ఏ పైలట్టు ఏ విమానమునైన నడుపగలడు. ఒక విధమైన విడిభాగములు నిలువయుంచినచో చాలును. రెండవది: ఒక్క విమానమైనను ఎగురకముందే, 2005లో, నూరు విమానములకు ఒక్కసారిగా బేరము చేసి వెలలో తగ్గింపు పొందెను. పిదప వానిని వేరొకరికి అమ్మి, వారివద్దనే అద్దెకు తీసికొనెను. ఇట్లు చేతి సొమ్ము చిక్కుపడలేదు. మూడవది: విమానము ఆకాశమున నున్నప్పుడే గాని సంపాదింపదు. దిగిన విమానము సుమారు అరగంటలో మరల ఎగురునట్లు పని నేర్పరచిరి. ఒక్కొక్క మజిలీలో అరగంట మిగిలినచో, ఆరు మజిలీలకు మూడు గంటలు మిగులును. ఆ వ్యవధిలో హైదరాబాదునుండి ఢిల్లీకి ఇంకొక ప్రయాణము చేయవచ్చును. అదే విమానము, అదే అద్దె. రాబడి మాత్రము అధికము.

భేద మెచ్చట నున్నదో ఇప్పుడు స్పష్టము. వెల తగ్గించుట ఎవరికైనను సాధ్యమే; ఒక ప్రకటన చాలును. ఖర్చు తగ్గించుట కఠినము. దానికి ఏండ్ల క్రమశిక్షణము కావలెను. ఖర్చు తగ్గింపక వెల తగ్గించువాడు తన మూలధనమునే పంచిపెట్టుచున్నాడు.

అయితే జయించినవాని కథ అంతటితో ముగియదు. 2019 ఏప్రిలులో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ నిలిచిపోయెను. 2022లో ఎయిర్ ఇండియా మరల టాటాల చేతికి వచ్చెను. 2025 నాటికి మన దేశములో ఊరినుండి ఊరికి ఎగురు నూర్గురిలో అరువదిమందికి పైగా ఇండిగో విమానములనే ఎక్కుచుండిరి. ఆ సంవత్సరము డిసెంబరులో, పైలట్ల విశ్రాంతినిగూర్చిన క్రొత్త నిబంధనలు అమలు కాగా, ఆ నిబంధనల ప్రకారము విమానములన్నిటిని నడుపుటకు పైలట్లు చాలక ఆ కంపెనీ వేలకొలది ప్రయాణములను రద్దుచేసెను. పెండ్లిండ్లకు, పరీక్షలకు, వైద్యమునకు బయలుదేరినవారు విమానాశ్రయములలో చిక్కుకొనిరి. ఇతర కంపెనీల టిక్కెట్ల వెలలు మిన్నంటగా, ప్రభుత్వము గరిష్ఠ ధరలను నిర్ణయింపవలసి వచ్చెను.

దీనివలన రెండు విషయములు తెలియుచున్నవి. పొదుపునకును హద్దు కలదు. నడుపువాని విశ్రాంతి వ్యర్థమైన ఖర్చు గాదు. అది ప్రయాణికుల ప్రాణరక్షణకై పెట్టు ఖర్చు. ఇక రెండవది: పోటీవలన ప్రజలకు మేలు కలుగవలెనన్న, పోటీదార్లు బ్రతికియుండవలెను. ఒక కంపెనీ పడిపోయిన దినమున చౌక టిక్కెట్టు కొన్నవారు సంతోషింపవలసిన దేమియు లేదు. మిగిలినవారు వెల పెంచుటకు అడ్డు తొలగినది.

విద్యార్థులారా! మీలో కొందరు పైలట్లును, ఇంజనీర్లును, వర్తకులును కాగలరు. ఏ వ్యాపారమునైనను పరీక్షించునప్పుడు వెల యెంత యని మాత్రమే గాక, ఆ వెలకు అది యెట్లు ఇయ్యగలుగుచున్నది, ఆ తగ్గింపు భారమును ఎవరు మోయుచున్నారు, అని కూడ అడుగుడు.