వెంటిలేటర్ వద్దని ముందే రాసి పెట్టొచ్చు

   శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దిగేవాళ్లలో కొందరు "అమ్మకు సీరియస్‌గా ఉంది, బయల్దేరు" అన్న ఫోనుకు దొరికిన టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు. సరాసరి ఐసీయూకి వెళ్తారు. ఇన్నాళ్లూ దగ్గరుండి చూసుకున్న తమ్ముడు "ఇక బాధపెట్టొద్దు" అంటాడు. విమానం దిగిన అక్క "ఎంతైనా ఖర్చు పెడదాం, ఏదీ ఆపొద్దు" అంటుంది.

ఈ గొడవ మనకే పరిమితం కాదు. వృద్ధుల వైద్యానికి సంబంధించిన ఒక అమెరికన్ పత్రికలో 1991లో వచ్చిన వ్యాసం దీనికి 'కాలిఫోర్నియా కూతురు' అని పేరు పెట్టింది. కాలిఫోర్నియా డాక్టర్లు మాత్రం ఆమెను న్యూయార్క్ కూతురంటారట! కాలిఫోర్నియా, న్యూజెర్సీ, టెక్సాస్‌లలో ఇంతమంది మనవాళ్లున్నాక ఆ కూతురు మన ఇంటి పిల్లే.

ఆమెను తప్పుపట్టి లాభం లేదు. అమ్మకేం కావాలో ఆమెకు తెలియదు, తమ్ముడికీ తెలియదు. ఏ గాజులు ఏ కోడలికో, కర్మకాండ ఏ ఊళ్లో చేయాలో చెప్పే పెద్దావిడ కూడా గొంతులో గొట్టం వేయించాలా వద్దా అన్నది చెప్పదు. అడిగితే అపశకునమని పిల్లలూ ఊరుకుంటారు. పైగా పెద్ద జబ్బని తేలగానే "ఆవిడకు చెప్పకండి డాక్టర్ గారూ" అని మొదట బతిమాలేది మనమే. ఎవరి ఒంటి గురించి మాట్లాడుతున్నారో వాళ్లు తప్ప అందరూ వరండాలో ఉంటారు.

హైదరాబాద్ చెస్ ఆటగాడు కె. వెంకటేశ్ సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. కండరాలు క్షీణించే డుషెన్ వ్యాధితో వెంటిలేటర్ మీదున్న ఆ పాతికేళ్ల యువకుడికి తనకేం కావాలో స్పష్టంగా తెలుసు. అవయవాలు పాడవకముందే దానం చేయాలన్నది అతని కోరిక. 2004 డిసెంబరులో తల్లి సుజాత హైకోర్టుకెళ్లారు. బ్రెయిన్ డెడ్ కాకముందు అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ నెలలోనే వెంకటేశ్ చనిపోయాడు. 2022 నాటి హిందీ సినిమా 'సలామ్ వెంకీ'కి ఆ తల్లీకొడుకుల కథే ఆధారం.

అవయవాల సంగతి అలా ఉంచితే, చికిత్స వద్దనే హక్కు విషయంలో చట్టం ఆ తర్వాత చాలా దూరం వచ్చింది. గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని, ముందస్తు వైద్య నిర్దేశం, అంటే లివింగ్ విల్, చెల్లుతుందని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ ఆ పత్రం మీద మేజిస్ట్రేట్ సంతకం కావాలంది. జబ్బుపడ్డ పెద్దాయన్ను కోర్టు మెట్లెక్కించేదెవరు? 2023 జనవరి 24న కోర్టే ఆ చిక్కు విప్పింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరింపజేస్తే చాలు. తాను మాట్లాడలేని స్థితిలో తన తరఫున ఎవరు నిర్ణయించాలో అందులో పేర్లు రాయాలి. ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. మనసు మారితే రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

సంతకం పెట్టినంత మాత్రాన డాక్టర్లు చేతులెత్తేస్తారన్న భయం అక్కర్లేదు. కోలుకునే ఆశ లేదని తేలాకే ఆ కాగితానికి పని. అప్పుడైనా ఆస్పత్రిలోని డాక్టర్ల బోర్డు ఒకటి, దాని తర్వాత మరో బోర్డు ఒప్పుకోవాలి. ఒక్కో బోర్డూ 48 గంటల్లో తేల్చితే మేలని కోర్టు సూచించింది. చికిత్స ఆపేముందు మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం ఈనాటికీ నేరమే. నొప్పి తగ్గించే మందులు, ఆయాసానికి ఉపశమనం చివరిదాకా ఇస్తారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, స్పర్శ్ హాస్పిస్ చేసే పాలియేటివ్ కేర్ ఇదే.

ఏమీ రాయకపోయినా దగ్గరివాళ్ల అంగీకారంతో ఇదే బోర్డుల పద్ధతి నడుస్తుంది. అప్పుడు మళ్లీ అక్కాతమ్ముళ్ల వాదన మొదటికొస్తుంది. కాగితం ఉన్నా, రాత అస్పష్టంగా ఉంటే పక్కన పెట్టేస్తారు. "నన్ను ఇబ్బంది పెట్టొద్దు" అంటే డాక్టరుకేం అర్థమవుతుంది? వెంటిలేటరా, డయాలసిసా, ముక్కులో గొట్టమా, ఏది ఏ స్థితిలో వద్దో విడివిడిగా రాయాలి. అందుకు ఫ్యామిలీ డాక్టరుతో ఒకసారి కూర్చోవడం మంచిది. పిల్లలు సెలవులకు ఇండియా వచ్చినప్పుడు వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఒక కాపీ ఆ డాక్టరుకు, మరొకటి ఈ పత్రాలు భద్రపరచేందుకు మున్సిపాలిటీ లేదా పంచాయతీ నియమించే అధికారికి, ఇంకొకటి విదేశంలో ఉన్న బిడ్డ ఫోనుకు పంపాలి. అసలు పత్రాన్ని మాత్రం బ్యాంకు లాకర్లో పెట్టకూడదు. ఆదివారం అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కాల్సి వస్తే అది ఎవరి చేతికీ అందదు.