వణుకుడు రోగం.. ఎవరూ చూడని నోరు

చేవెళ్లలో పార్కిన్సన్స్ వచ్చిన మనిషికి రెండు దిక్కుల తిరుగుడు తప్పదు. వణుకు చూపించుకోవాలంటే తూర్పున హైదరాబాద్‌కు, పంజాగుట్ట నిమ్స్‌కో మరో పెద్దాసుపత్రికో పోవాలి. పన్ను కదిలిందంటే పడమరన వికారాబాద్‌లోని శ్రీసాయి దంత వైద్య కళాశాల ఉంది, లేదంటే మళ్లీ నగరంలోకే, అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలకు. రెండు దిక్కులకూ దారి ఒక్కటే, మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు. ఆ దారిలోనే మొయినాబాద్ దగ్గర భాస్కర్ వైద్య కళాశాల, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య కళాశాల ఉన్నాయి. డాక్టర్లు లేని ప్రాంతమేమీ కాదిది. అయినా నరాల డాక్టరు నోరు తెరవమనడం అరుదు. పళ్ల డాక్టరుకు వణుకు గోళీల సంగతి చెప్పేవాళ్లూ అరుదే. ఆ రెండు చీటీల నడుమ పళ్లు ఒక్కొక్కటే పోతాయి.

పళ్లు పోతే ఇంట్లో వినిపించే మాట తెలిసిందే. ‘‘వయసు మీద పడ్డది, పండ్లు ఊడినయి, గంతే కదా!’’ గంతే కాదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు అదే వయసులో ఉన్న మిగతావాళ్ల కంటే పుచ్చిపళ్లు, చిగుళ్ల జబ్బు ఎక్కువని, నోట్లో మిగిలే పళ్లు తక్కువని అనేక దేశాల్లో పరిశీలించి చూశారు. అందులో చాలా వరకు ఆపగలిగిన నష్టమే. ఈ కథనం రాయడానికి కారణం కూడా అదే.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడంతో వచ్చే జబ్బు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లోనే దీనితో బతుకుతున్నవాళ్లు 85 లక్షలకు పైమాటే. అందరి కంటా పడేది వణుకు. పళ్లను ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం కదలికల్లో వచ్చే మందకొడితనం. పళ్లు తోమడమంటే చిన్న కదలికను ఆగకుండా, ఒకే ఊపులో మళ్లీ మళ్లీ చెయ్యడం. ఈ జబ్బు ముందు తినేసేది సరిగ్గా అలాంటి కదలికనే. సంతకం రానురాను చిన్నదై ముడుచుకుపోయినట్టే బ్రష్ ఊపు కూడా కుదించుకుపోతుంది. ముందుపళ్ల మీద నాలుగు సార్లు ఆడుతుంది, వెనక దవడపళ్ల లోపలి వైపుకు చేరదు. బుగ్గలు, నాలుక బిగుసుకుపోవడంతో తిన్న మెతుకు చిగురుకూ బుగ్గకూ మధ్య గంటల తరబడి ఉండిపోతుంది. వాసన పసిగట్టే శక్తి చాలామందిలో వణుకు కంటే ఏళ్ల ముందే తగ్గుతుంది కాబట్టి తన నోరు వాసన వస్తోందని ఆ మనిషికే తెలియదు. ఎదుటివాళ్లు మొహమాటానికి చెప్పరు.

లాలాజలం సంగతి ఇంకా చిత్రం. పెదవుల చివర నుంచి చొంగ కారుతుంటుంది, నోటి లోపల మాత్రం ఎండిపోయి ఉంటుంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును మొదటిసారి వివరంగా రాసినప్పుడే చొంగ కారడాన్ని గుర్తించాడు. అది ఎక్కువగా ఊరడం వల్ల కారేది కాదు. మామూలు మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలాన్ని మనకు తెలియకుండానే మింగేస్తుంటాం. ఆ మింగడం నెమ్మదించి, తల ముందుకు వాలి, పెదవులు సరిగ్గా మూసుకోకపోవడం వల్ల బయటికి వస్తుంది. మరోపక్క వణుకు తగ్గించడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి మందులు నోటిని ఎండబెడతాయి. ఎండిన నోరు తియ్యటిదేదైనా చప్పరించమంటుంది. బెల్లం ముక్కో, చాక్లెట్టో, చక్కెర ఎక్కువేసిన చాయో నాలుగైదు సార్లు పడుతుంది. పంటిని కాపాడాల్సిన లాలాజలం లోపల లేకపోగా తీపి వచ్చి చేరుతుంది. చిగురు జారి బయటపడిన పంటి వేరు దగ్గర నల్లగా మొదలయ్యే పుచ్చు అలా వచ్చేదే. నొప్పి తెలిసేసరికి పన్ను విరిగే స్థితికి వస్తుంది.

పళ్లు పోయిన మనిషి పళ్లెంలో ముందు మాయమయ్యేది జొన్నరొట్టె. చేవెళ్ల నుంచి తాండూరు దాకా ఆ రొట్టె మీద పెరిగిన తరానికి అదేమీ చిన్న లోటు కాదు. పప్పులో నానబెట్టి కొన్నాళ్లు నెట్టుకొస్తారు. తర్వాత మెత్తటి అన్నం, చాయ్‌లో ముంచిన బిస్కెట్ మిగులుతాయి. ఊరంతా క్యారెట్, టమాటా పండించి నగరానికి పంపే చోట ఇంటి పెద్దాయన క్యారెట్ కొరకలేడు. ఈ జబ్బులో మామూలుగానే బరువు తగ్గుతుంది, పళ్లు లేకపోతే మరింత తగ్గుతుంది. చొంగ కారుతుందన్న సిగ్గుతో పెళ్లిళ్లకు పోవడం, నలుగురిలో కూర్చుని తినడం మానేస్తారు. ఆ ఒంటరితనానికి ఏ చీటీ మీదా మందు రాయరు.

ప్రాణం మీదికి వచ్చే సంగతి మరొకటి ఉంది. మింగడం దెబ్బతిన్న మనిషి నోట్లోని మురికి లాలాజలంతో పాటు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పార్కిన్సన్స్ ముదిరినవాళ్ల మరణాలకు పెద్ద కారణాల్లో ఇలా వచ్చే న్యుమోనియా ఒకటి. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ల పాటు ఒక అధ్యయనం చేశారు. సగం మందికి భోజనం చేసిన ప్రతిసారీ సహాయకులే పళ్లు తోమారు, మిగతావాళ్లను వాళ్ల అలవాటుకే వదిలేశారు. వదిలేసినవాళ్లలో 19 శాతానికి న్యుమోనియా వస్తే, తోమినవాళ్లలో 11 శాతానికే వచ్చింది. వాళ్లంతా పార్కిన్సన్స్ వాళ్లు కారు, వయసుడిగినవాళ్లు. మింగడమే కష్టమైన మనిషికి ఈ లెక్క ఇంకెంత ముఖ్యమో వేరే చెప్పాలా?

అయితే ఆ బ్రష్ పట్టేదెవరు? మన ఇళ్లలో అసలు చిక్కంతా ఇక్కడే. ఇంటిని నడిపిన మనిషి, కోడలి ముందు నోరు తెరిచి కూర్చోవాలి. ఆయనకు అభిమానం, ఆమెకు సంకోచం. అత్తమ్మకు చేతకాదు, కొడుకు పొద్దున్నే బండేసుకుని నగరానికి పోతాడు. అంతా కలిసి ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. నా మటుకు నేను చెప్పేదొకటే, ఈ పని కొడుకు చెయ్యాలి. పెద్ద సమయమేమీ పట్టదు. నాయినను కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి ఉంచి, పక్కన నిలబడి చిన్నపిల్లల సైజు మెత్తటి బ్రష్‌తో వెనక పళ్ల దాకా తోమాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత చాలు. నోట్లో నీళ్లు పోసి పుక్కిలించమంటే పొలమారే ప్రమాదం ఉంది. ఉమ్మేయించి, తడిగుడ్డతో తుడిస్తే సరి. రాత్రి పడుకునే ముందు తోమడం మాత్రం మానకూడదు.

చెయ్యి ఇంకా ఆడుతున్నవాళ్లను తోమనివ్వాలి, అది వాళ్ల హక్కు. బ్రష్ పిడికి పాత సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగితే పట్టు కుదురుతుంది. స్తోమత ఉంటే బ్యాటరీ బ్రష్ మేలు, చేతికి ఊపే పని తగ్గుతుంది. గోళీ పట్టి ఒళ్లు సడలిన సమయంలోనే తోముకోవాలి. వేపపుల్ల మీద మమకారం నాకూ ఉంది. కానీ మింగడం తడబడే మనిషి నోట్లో పుల్ల పీచు మంచిది కాదు. పొగాకు కలిపిన గుడాకు అయితే ఎవరికీ వద్దు.

పళ్ల డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు గోళీల అట్టలన్నీ సంచిలో వేసుకుని పోవాలి. ఇది మర్యాద కోసం కాదు. సెలెజిలిన్, రసాజిలిన్ వాడేవాళ్లకు నొప్పి అని ట్రమడాల్ ఇస్తే ప్రమాదం. ఎంటాకపోన్ వాడేవాళ్లకు మత్తు ఇంజెక్షన్‌లోని అడ్రినలిన్ మోతాదు చూసుకోవాలి. వాంతికి మెటోక్లోప్రమైడ్ ఇస్తే వణుకు, బిగుతు రెండూ పెరుగుతాయి. వణుకు గోళీ లీవోడోపా వేసుకున్న గంట, గంటన్నరకు కుర్చీ ఎక్కేలా పొద్దుటి సమయం అడగాలి. పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టవద్దని చెప్పాలి, గొంతులోకి నీళ్లు పోతాయి. లేచేటప్పుడు బీపీ పడిపోయి తూలకుండా కాసేపు కూర్చోబెట్టాలి. డాక్టరును అడగకుండా ఇంట్లోనే గోళీలు ఆపడం మాత్రం చెయ్యకూడదు.

అన్నీ పీకేసి సెట్టు కట్టిస్తే పీడా పోతుందనే సలహా ఊళ్లలో బాగా చెలామణిలో ఉంది. పార్కిన్సన్స్‌లో అది తప్పు సలహా. కట్టుడుపళ్లు నిలిచేది చిగురు మీద తడి వల్ల, బుగ్గల, నాలుక కండరాల అదుపు వల్ల. ఈ జబ్బు ఆ రెంటినీ తీసుకుపోతుంది. సెట్టు జారుతుంది, ఒరుసుకుని పుండ్లు పడతాయి, చివరికి డబ్బాలోనే ఉండిపోతుంది. అందుకే సొంత పన్ను ఒక్కటి మిగిలినా విలువే. బాగుచేసే పని జబ్బు బయటపడిన మొదటి ఏడాదే పెట్టుకోవాలి. అప్పటికి మనిషి కుర్చీలో కదలకుండా కూర్చోగలడు, నోరు తెరిచి ఉంచగలడు. అయిదేళ్ల తర్వాత అదే పని నాలుగింతలు కష్టం.

పళ్ల సంగతి అటుంచి, అసలు ఈ జబ్బు గురించి ఈ నేల మీద ఇంకో మాట కూడా చెప్పాలి. గడ్డిమందుగా కొట్టే పారాక్వాట్‌ను, పురుగుమందు రోటెనోన్‌ను వాడినవాళ్లలో పార్కిన్సన్స్ సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించిందని 2011లో అమెరికాలో వెలువడిన పరిశోధన చెప్పింది. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి పారాక్వాట్ లేదు. కూరగాయలు, పూలతోటల మధ్య బతికే మొయినాబాద్, చేవెళ్ల రైతులు మూతికి గుడ్డ, చేతులకు గ్లవ్స్ లేకుండా మందు కొట్టకూడదు.

మళ్లీ నోటి సంగతికి వద్దాం. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు పథకం మొదలైంది. వైద్య బృందాలు ఊళ్లలోకే వచ్చి కళ్లు చూసి, అద్దాలిచ్చాయి. నోటికీ అలాంటి రోజొకటి కావాలి. ఏ ఇంట్లో ఎవరికి వణుకు ఉందో ఆశా కార్యకర్తకు తెలుసు. దంత కళాశాల విద్యార్థులు నెలకొకసారి పల్లె దవాఖానాకు వచ్చి, ఆ ఇళ్లవాళ్లను పిలిపించి, నోరు చూసి, ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, కదిలే పన్నును ముందే గుర్తిస్తే చాలా పళ్లు నిలుస్తాయి. దానికి కావాల్సింది తల ఆనించుకునే కుర్చీ, టార్చిలైటు, చిన్న అద్దం. నరాల డాక్టరు చీటీలో ‘పళ్లు చూపించుకున్నారా?’ అని ఒక గీత. పక్కన తేదీ.