విమానచోదకుని శిరస్త్రాణము



ఆకాశమునుండి పడినవానిని తలమీఁది టోపీ కాపాడునా యని మీలోఁ గొంద ఱడుగవచ్చును. ఆ సందేహము సహజమే. సమాధానముగా ముందొక వృత్తాంతమును విన్నవించెదను.

1908వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన, అమెరికాలోని ఫోర్టు మయరు అను సైనికస్థానమున, ఆర్విల్ రైటు తన విమానమును సేనాధికారులకుఁ జూపుచుండెను. ఆయన ప్రక్కను థామస్ సెల్ఫ్రిడ్జి యను 26 ఏండ్ల సైనికోద్యోగి కూర్చుండెను. ఎగురుచుండఁగా విమానపు పంకారెక్క యొకటి పగిలి, చుక్కానిని బిగించిన తీఁగకుఁ దగిలెను. అంతట విమానము ముక్కు క్రిందుగా నేలఁ గూలెను. రైటునకుఁ దొడయెముకయుఁ బ్రక్కటెముకలును విఱిగినను ప్రాణము దక్కెను. సెల్ఫ్రిడ్జి తల విమానపుఁ గొయ్యకుఁ గొట్టుకొని పుఱ్ఱె పగిలెను. ఆ సాయంకాలమే యాతఁడు మరణించెను. యంత్రవిమానము కూలి మరణించినవారిలో నాతఁడే మొదటివాఁడు. ఆతని తలపై నే రక్షయు లేకుండెను. అటుపిమ్మట ఆ సేనలోని తొలి చోదకులు బరువైన శిరస్త్రాణములు ధరింపసాగిరి.

చిన్న విమానము కూలిన నందలివా రందఱును మరణింతురని తలంపరాదు. లేచునపుడో దిగునపుడో నేలకు దగ్గఱగాఁ బడినచో శరీరము దక్కవచ్చును. కాని తల యెదుటి పలకకుఁ దగిలి స్పృహ తప్పినవాఁడు, మంట లంటుకొన్నను లేచి వెలుపలికి రాలేఁడు. శిరస్త్రాణము కాపాడవలసినది ఆ స్పృహను.

అది పనిచేయు విధమును, బడిలోఁ బిల్లలకుఁ జెప్పిన పోలికతోనే చెప్పెదను. కుండ బండపైఁ బడినఁ బగులును. గడ్డివామిపైఁ బడినఁ బగులదు. బండ దానిని తటాలున ఆపును. గడ్డి యణఁగుచు మెల్లగా ఆపును. శిరస్త్రాణమునకు వెలుపల గట్టి డిప్పయు, లోపల థర్మాకోలు వంటి పొరయు నుండును. డిప్ప దెబ్బను విశాలముగాఁ బంచును. పొర తాను నలిగి తలను నెమ్మదిగా ఆపును. ఒకసారి నలిగిన పొర మరల పనికిరాదు. కావున గట్టిదెబ్బ తిన్నదానిని విడువవలెను. పూర్వము చోదకులు ధరించిన తోలుటోపీ చలికిఁ గాలికే కాని దెబ్బకుఁ జాలదు.

ఇందు లోపములును గలవు. బరువెక్కువైన మెడ నొచ్చును, ఎండలో నుక్కపోయును. వదులైనది తలనుండి జాఱిపోవును. భుజములపైనుండి వచ్చు పట్టీ లేనిచో దేహమే ముందునకుఁ దూలును. కావునఁ బట్టీ మొదటిది, శిరస్త్రాణము రెండవది. పైరులపై మందు చల్లు విమానచోదకులు పలువురు దీనిని ధరింతురు. సొంతవిమానమును నడపువానికి మాత్రము అమెరికాలో నిట్టి నిర్బంధము లేదు. అది యాతని వివేకమునకే విడువఁబడినది.

మన యూళ్ల వాకిళ్లలో విమానములు లేకున్నను మోటారుసైకిళ్లు కలవు. ఎండకుఁ దలపాగా చుట్టనిదే పొలమునకుఁ బోవని పెద్దలు, బండి యెక్కు మనుమనిని వట్టితలతోఁ బంపుట యుక్తమా? గడప దాఁటకమున్నే యొకమాట చెప్పుఁడు.